మధ్యాహ్నవేళ దేవాలయమున వాద్యగోష్ఠి

లండను వంటి మహానగరములలో కొన్ని క్రైస్తవ దేవాలయములయందు పనిదినములలో మధ్యాహ్న భోజన విరామ సమయమున సంగీతసభలు జరుగుచుండును. ప్రవేశమునకు రుసుము లేదు. ముందుగా పేరు వ్రాయించుకొన నక్కరలేదు. ఒంటిగంట ప్రాంతమున ప్రారంభమై ముప్పాతిక గంటలోనో, మించినచో ఏబది నిమిషములలోనో ముగియును. కచేరీ గుమాస్తాలు, అంగళ్లలో పనిచేయువారు, వయోవృద్ధులు, ఊరు చూడవచ్చిన పరదేశులు తలుపు తెరచియుండుట చూచి లోనికి వచ్చి బల్లలపై కూర్చుందురు. ఎదుట ఇద్దరో నలుగురో వాద్యకారులు కూర్చుండి వాయింతురు. సభ ముగిసిన పిదప ఎవరి పనికి వారు పోవుదురు. ఈ యాచారమును గూర్చి మన బాలబాలికలకును, వారి తలిదండ్రులకును కొంత తెలియజేయుట యుక్తమని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఖమ్మమునకును భద్రాచలపు అడవులకును నడుమ నున్న మనకు లండను నగరపు మధ్యాహ్నముతో పనియేమి యని యడుగువారుందురు. పని కలదు. దానిని క్రమముగా చెప్పెదము.

మొదట ఆ సంగీత మెట్టిదో చూతము. ఆంగ్లమున దానిని చేంబర్ మ్యూజిక్ అందురు. చేంబర్ అనగా గది. ప్రభువుల మందిరములలోనో, గృహస్థుని యింటి చావడిలోనో కొలదిమంది వినుటకై యేర్పడిన సంగీతమగుటచే దానికా పేరు వచ్చెను. పెద్ద ఆర్కెస్ట్రాలో అరువదిమందియో ఎనుబదిమందియో వాద్యకారులుందురు. ఒకే స్వరపంక్తిని పదిమంది ఫిడేళ్లవారు కలిసి వాయింతురు. వారినందరిని నడుపుటకు ఎదుట నిలుచున్న నాయకుడొకడు కావలయును. గది సంగీతమున నట్లు కాదు. ఒక్కొక్క వాద్యమునకు ఒక్కొక్క పంక్తి; నాయకుడు లేడు. ఒకడు తడబడినచో వాని తప్పును కప్పుటకు ప్రక్కవాడు లేడు గనుక ప్రతివాడును తనది వాయించుచునే తక్కిన మువ్వురిని చెవియొగ్గి వినవలయును.

ఇందు ముఖ్యమైనది స్ట్రింగ్ క్వార్టెట్ అనబడు తంత్రీ చతుష్టయము. రెండు ఫిడేళ్లు, ఒక వియోలా, ఒక చెల్లో. వియోలా ఫిడేలు కంటె కొంచెము పెద్దది, గొంతు బరువు. చెల్లోను మోకాళ్ల నడుమ నిలిపి వాయింతురు. దాని నాదము మగవాని కంఠమును పోలియుండును. ఆస్ట్రియా దేశస్థుడగు హైడన్ (1732–1809) ఈ చతుష్టయమునకు రూపమేర్పరచి అరువదియెనిమిది రచనలు చేసెను. వానిని వినునపుడు మాకు గ్రామపు రచ్చబండ జ్ఞప్తికి వచ్చును. ఒక పెద్ద మాట యెత్తును, రెండవవాడు దానిని అందుకొనును, మూడవవాడు కాదనును, నాలుగవవాడు అంతదనుక తలయూచుచుండి కడపట ఒక్క మాటతో తీర్పు చెప్పును. మాటలు లేకుండ ఇంత సంభాషణ నడపవచ్చునని హైడన్ చూపెను. ఈ రచనలు అనేక ఖండములుగా నుండును. ఖండమునకు ఖండమునకు నడుమ శ్రోతలు చప్పట్లు చరచరు, కదలక కూర్చుందురు. తాళము వేయుచు "భళా" యని యుత్సాహపరచు అలవాటుగల మనవారికిది మొదట ఆరాధనలోని మౌనప్రార్థనవలె తోచును.

అయితే ఆ పేరు లేకపోయినను ఆ పదార్థము మనకు క్రొత్తది కాదు. గాత్రము, ఫిడేలు, మృదంగము, తంబుర. ఇంతే గదా కర్ణాటక సంగీతపు కచేరి. ఇదియు కొలదిమంది యొకరినొకరు వినుచు నడుపు సంగీతమే. అందలి ఫిడేలు ఐరోపానుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడగు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మదరాసులో ఒక ఐరోపా వాద్యకారునొద్ద దానిని నేర్చి మన సంగీతమున ప్రవేశపెట్టెను. అక్కడివారు గడ్డముక్రింద నదిమి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి దాని కొనను కుడిపాదము మీద నానించి వాయింతురు. ఆ యొక్క మార్పుతో ఎడమచేయి స్వేచ్ఛగా జారుటకు వీలై గమకములు పలుకసాగెను. ఇట్లు మనదైన ఫిడేలును ద్వారం వేంకటస్వామినాయుడుగారు (1893–1964) పక్కవాద్యముగానే గాక ప్రధానవాద్యముగా సభలకెక్కించిరి. 1919లో విజయనగరమున సంగీత కళాశాల స్థాపింపబడినపుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికధ్యక్షులైరి. ద్వారమువారు ఫిడేలు ఆచార్యులై, 1936లో తామే అధ్యక్షులైరి. తెలుగుదేశమున ఫిడేలును పరాయి వాద్యమనువారు నేడు లేరు.

ఇక మధ్యాహ్నమునకును, దేవాలయమునకును, ఈ గది సంగీతమునకును గల సంబంధమును చెప్పెదము. హైడన్ జీవితమునందే ఇందుకొక గొప్ప నిదర్శనము గలదు. స్పెయిను దేశమున కాడిజ్ అను రేవుపట్టణము కలదు. అక్కడివారు శుభశుక్రవారపు ఆరాధన కొరకు, సిలువపై క్రీస్తు పలికిన ఏడుమాటలకు సంగీతము వ్రాసి పంపుమని 1780 తరువాతి సంవత్సరములలో హైడన్‌ను కోరిరి. ఆ దినమున దేవాలయపు గోడలు, కిటికీలు, స్తంభములు నల్లని వస్త్రములతో కప్పబడెను. నడుమ వ్రేలాడు దీపమొక్కటియే వెలుగు. మధ్యాహ్నమున తలుపులు మూసిరి. ఆచార్యుడు వేదికనెక్కి ఒక మాటను చదివి వ్యాఖ్యానించి దిగి మోకరించును. అప్పుడు వాద్యములు మ్రోగును. మరల రెండవ మాట. ఇట్లు ఏడు మారులు. ఒక్కొక్కటి పదినిమిషములుండు విలంబగతి సంగీతమును ఏడుమారులు విసుగు పుట్టకుండ వ్రాయుట సులభము కాలేదని హైడనే చెప్పుకొనెను. మొదట ఆర్కెస్ట్రాకై వ్రాసినదానిని 1787లో చతుష్టయమునకు కుదించెను. నేటికిని లోకమున దీనిని నలుగురే ఎక్కువగా వాయించుచున్నారు. శుభశుక్రవారమున పండ్రెండుగంటలు మొదలు మూడుగంటలవరకు ఏడుమాటల ధ్యానమునకు కూర్చుండు మన సంఘములవారికి దీనిని వేరుగా వివరింపనక్కరలేదు. మన గ్రామములలో మాటకును మాటకును నడుమ కీర్తన పాడుదురు. కాడిజ్‌లో ఆ కీర్తనకు బదులు తంత్రులు పలికెను, భేదమంతయు నింతే.

కాడిజ్‌లో తలుపులు మూయబడెను. మధ్యాహ్న సంగీతమున తలుపులు తెరచిన కథ లండనునకు చెందినది. 1939 సెప్టెంబరులో యుద్ధము వచ్చినతోడనే లండనులోని నాటకశాలలు, సంగీతశాలలు మూయించిరి. రాత్రులు దీపములు లేవు. ట్రఫాల్గరు కూడలిలోని నేషనల్ గేలరీ యను చిత్రశాల నుండి విలువగల పటములన్నియు బాంబులకు వెరచి దూరప్రాంతములకు తరలింపబడెను. ఉత్త గోడలు మిగిలెను. అప్పుడు మైరా హెస్ (1890–1965) అను పియానో విదుషీమణి చిత్రశాలాధ్యక్షుడగు కెనెత్ క్లార్కు నొద్దకు పోయి, ఆ ఖాళీ గదులలో మధ్యాహ్నములందు సంగీతము వినిపింతుననెను. అక్టోబరు 10వ తేదీన మొదటి సభ. ఏబదిమంది వచ్చినను చాలుననుకొనిరి. వేయిమంది వరకు వచ్చి వరుసగా నిలిచిరి. ఆమె తానే పియానో వాయించెను. నాటినుండి సోమవారము మొదలు శుక్రవారము వరకు, 1946 ఏప్రిలు 10వ తేదీ దనుక, ఆరున్నర సంవత్సరములలో 1,698 సభలు జరిగెను. ఎనిమిది లక్షలకు పైగా జనులు వినిరి. బాంబులు ముమ్మరమైన దినములలో సభను నేలమాళిగలోనికి మార్చిరేగాని మానలేదు. 1940లో ఒకనాడు బెథోవెను చతుష్టయము సాగుచుండగా ఆ భవనముననే పడి పేలక మిగిలిన బాంబొకటి పేలెననియు, వాద్యకారులు నలుగురును స్వరము తప్పలేదనియు చెప్పుదురు.

అక్కడ ప్రవేశమునకు ఒక షిల్లింగు తీసికొనిరి; పూర్తిగా నుచితము కాదు. ప్రసిద్ధుడైనను, నిన్న కళాశాల విడిచినవాడైనను, వాయించినవానికి ఐదు గినీలే యిచ్చిరి. మైరా హెస్ తనకై ఏమియు తీసికొనలేదు. మిగిలిన సొమ్ము కష్టములోనున్న వాద్యకారుల సహాయనిధికి చేరెను. ఈ లెక్కను మేము కావలసియే వ్రాయుచున్నాము. ఉచిత సంగీతమనగా ఎవరికిని వ్యయము లేనిది యని పిల్లలు తలంచెదరు. తంత్రులకు, రైలు ఛార్జీలకు, అభ్యాసము చేసిన సంవత్సరములకు ఎవడో ఒకడు వెలయిచ్చును. ఆ వెలను ద్వారమునొద్ద అడుగవలెనా, మరియొక చోట అడుగవలెనా యన్నదే ప్రశ్న.

ఆ చిత్రశాలకు ప్రక్కనే సెయింట్ మార్టిన్స్ అను దేవాలయము కలదు. అది జేమ్స్ గిబ్స్ అను శిల్పి పథకము ప్రకారము 1726లో పూర్తియయ్యెను. యుద్ధము ముగిసి చిత్రములు గోడలకు మరలి వచ్చినను, మధ్యాహ్నపు వాద్యగోష్ఠులు ఈ దేవాలయమునను, నగరమందలి మరికొన్ని దేవాలయములలోను వేరూనెను. వినవచ్చినవారు పోవునపుడు వాకిటనున్న పళ్లెములో ఇష్టమైనచో కొంత వేయుదురు. వాయించువారిలో చాలమంది చదువు ముగించుచున్న యువకులు, యువతులు. వారికి శ్రోతలెదుట వాయించు అలవాటు కావలయును. దేవాలయమునకు వారము నడుమ ఖాళీగా నున్న స్థలము కలదు. పనివారికి గంటసేపు విరామము కలదు. ఈ మూడును ఒకచోట కూడినవి. దేవాలయమందలి వాద్యబృందములు ఎంత దూరము పోగలవో యెరుగగోరువారికి ఈ సంగతి చెప్పవచ్చును: నెవిల్ మారినర్ నడిపిన చిన్న తంత్రీబృందమొకటి 1959 నవంబరులో ఆ మందిరముననే తన మొదటి సభ జరిపి, ఆ దేవాలయపు పేరునే ధరించి లోకప్రసిద్ధమయ్యెను.

దేవాలయము ఈ సంగీతమునకు తగియుండుటకు మరియొక కారణము శబ్దశాస్త్రములోనిది. విద్యార్థులారా, ఎవరును లేనపుడు మందిరపు నడుమ నిలిచి ఒక్కమారు చప్పట్లు చరచి, ఆ ధ్వని అణగువరకు లెక్కపెట్టుడు. రాతిగోడలు, ఎత్తైన కప్పు, గచ్చు నేల ధ్వనిని మ్రింగక తిరిగి పంపును. లండనులోని సెయింట్ పాల్ మహాదేవాలయములో అది పది సెకండ్ల దరిదాపు నిలుచునట. అట్టిచోట వేగముగా మాటలాడినచో ఒక మాట తోక మరియొక మాట తలపై పడి అంతయు గందరగోళమగును. కాని తంత్రీనాదము మెల్లగా సాగినచో ఆ మార్మ్రోతయే దానికి శ్రుతివలె నిలుచును; నలుగురు వాయించిన యెడ పదిమంది వాయించినట్లు నిండుగానుండును. ధ్వనివర్ధక యంత్రము అక్కరలేదు. మందిరము జనులతో నిండినపుడు వారి వస్త్రములు ధ్వనిని పీల్చుకొనుటచే మార్మ్రోత తగ్గును. అందుచే మృదంగము వాయించువారు ఖాళీ మందిరమున అభ్యాసము చేసి, సభలో దెబ్బ వేరుగా వినవచ్చుట చూచి యాశ్చర్యపడుదురు.

ఇప్పుడు మన సీమకు వత్తము. దేవుని సన్నిధిని రుసుము లేక సంగీతము వినుట యిచ్చట పూర్వాచారమే. నేలకొండపల్లి వాడగు కంచెర్ల గోపన్న తానీషా ప్రభుత్వమున పాల్వంచ పరగణాకు తహశీలుదారై, సర్కారు సొమ్ముతో భద్రాచలమున ఆలయము కట్టించి గోలకొండ చెరసాల పాలయ్యెను. ఆయన కీర్తనలలో పెక్కు ఆ చెరలో పుట్టినవని సంప్రదాయము. గది సంగీతమను పేరు వానికి మరింత తగునని మా కొకొక్కప్పుడు తోచును. తరువాత తరములలో త్యాగరాజు తన కీర్తనలలో రామదాసును స్మరించెను. నేటికిని రామదాసు జయంతి దినములలో సంగీత విద్వాంసులు భద్రాచలమున గుమిగూడి ఆయన కీర్తనలను గోష్ఠిగా పాడుదురు. శ్రీరామనవమినాటి కల్యాణము సరిగా మధ్యాహ్నమున, అభిజిల్లగ్నమున జరుగును. నాదస్వరము, డోలు మ్రోగుచుండ వేలకొలది జనము ఎండలోనే నిలిచి విందురు. టిక్కెట్టు కొన్నవారు దగ్గర కూర్చుందురు, కొననివారు దూరముగా నిలుతురు. అది యట్లుండె.

అయితే ఉచితమను మాటకు రూకయొక్కటియే కొలత కాదు. మన తాతల కాలమున ఎన్నో ఆలయములలో సంగీతమునకు వెల లేకుండెను, మాలమాదిగలకు ప్రవేశమును లేకుండెను. వారు వీధిమలుపున నిలిచి గాలి తెచ్చినంత వినిరి. మదరాసు రాష్ట్రమున 1947లో ఆలయప్రవేశమునకై చట్టము చేయవలసివచ్చెననగా అంతదనుక ఎన్ని తలుపులు మూయబడియుండెనో ఊహించుకొనవచ్చును. క్రైస్తవ దేవాలయములును ఈ దోషమునకు వెలిగావు. ఇంగ్లండులో ధనికులు తమ బల్లలకు అద్దె చెల్లించి ముందు వరుసలను తమవిగా చేసికొన్న కాలమొకటి యుండెను. దక్షిణదేశమున కొన్ని సంఘములలో కులమునుబట్టి వేరువేరుగా కూర్చుండిరి. మధ్యాహ్న వాద్యగోష్ఠిలో మాకు మెచ్చదగినదిగా తోచునది ఇదియే: ఎవడు ముందు వచ్చిన వాడు ముందు బల్లపై కూర్చుండును. నీవెవడవు, ఏ మతమువాడవు, సంగీతము తెలియునా యని వాకిటనున్నవాడు అడుగడు.

మనకు చేరువ డోర్నకల్లు. 1912లో అక్కడి బిషప్పుగా అభిషేకింపబడిన వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు ఆంగ్లికన్ సభలో మొదటి భారతీయ బిషప్పు. ఆయన సంఘస్థులలో అత్యధికులు మాలమాదిగ పల్లెలవారు. ఆయన కట్టించిన మహాదేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. లండనులో మైరా హెస్ సభలు మొదలైన యేడే. దాని స్తంభములలో హిందూ ఆలయపు పోలికలు, గుమ్మటములలో మసీదు పోలికలు కనబడును. ఆరాధనలో తెలుగు కీర్తనలుండవలెనని అజరయ్యగారు పట్టుదలతో నుండిరి. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైనవారు రాగతాళములతో రచించిన కీర్తనలు అప్పటికే జనుల నోళ్లలో నుండెను. నేటికిని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచినచో పాటపైన రాగము పేరు, తాళము పేరు అచ్చొత్తియుండును. విద్వత్సభల గడప త్రొక్కని కూలివాని బిడ్డ ఆదివారమున మోహనమును, ఆనందభైరవిని పేరుతో సహా ఎరుగుట ఈ పుస్తకమువలన కలిగినది. ఆ రాగమును పేరుగా మాత్రమే యెరుగుట యొకటి, దానిని ఫిడేలుపై ఇరువది నిమిషములు విడదీసి వాయింపగా వినుట మరియొకటి. ఈ రెండవది మన పిల్లలకు దొరకలేదు.

అడవి పల్లెల కోయవారిని గూర్చియు చెప్పవలయును. కొమ్ములు ధరించి డోళ్లు మ్రోగించుచు వారు చేయు నృత్యము ఆరుబయటి సంగీతము. అది గదిలో నిముడదు. కాని సమ్మక్క సారలమ్మల చరిత్రను కంచుమేళము, కంచుతాళములతో గానము చేసిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ బిరుదు వచ్చినపుడు, ఈ అడవిలో ఇట్టి విద్యయున్నదని పట్టణములవారు మొదటిమారు వినిరి. ఆయన 2024లో మరణించిరి. చతుష్టయమునకు మౌనము కావలసినట్లే ఇట్టి గానమునకును మౌనముగా వినువారు కావలయును. మధ్యాహ్న సభ పెట్టువారు ఫిడేలుకే గాక దీనికిని ఒక దినము కేటాయించుట న్యాయము.

దేవాలయపు కప్పు క్రింద ఇతర మతస్థుని సంగీతము తగదని శంకించువారికి ఒక సంగతి చెప్పెదము. అమెరికాలోని క్లీవ్లాండు నగరమున మనదేశపు కుటుంబములవారు త్యాగరాజ ఆరాధనను 1978లో మొదలుపెట్టినపుడు వారికి చోటిచ్చినది ఒక క్రైస్తవ దేవాలయపు నేలమాళిగ. కొలదిమందితో మొదలైన ఆ యుత్సవము నేడు భారతదేశము వెలుపల కర్ణాటక సంగీతమునకు మిక్కిలి పెద్దవగు ఉత్సవములలో నొకటి. తిరువాయూరులో వలెనే అక్కడను పంచరత్న కీర్తనలను అందరును కలిసి పాడుదురు. ఆ చోటిచ్చినవారి విశ్వాసమున కందువలన హాని కలుగలేదు.

మన పాఠశాలకు చేరువనున్న మందిరమున నెలకొక మధ్యాహ్నము ఇట్టి గోష్ఠి జరుపుటకు కావలసినవి కొద్ది. ఒక గాత్రము, ఒక ఫిడేలు, ఒక మృదంగము, నేలపై పరచుటకు ఒక జంపఖానా. హార్మోనియము మన సంఘములలో దొరకును గాని గమకము పలుకదు; శ్రుతికి మాత్రము ఉంచుకొనవచ్చును. ఫిడేలు విద్వాంసుని ఖమ్మమునుండియో కొత్తగూడెమునుండియో పిలువవలసియుండును. అతని ప్రయాణవ్యయమును, సంభావనను పిల్లలనుండి గాక పెద్దలనుండి ముందుగానే కూర్చుకొనవలయును. సంఘపెద్దల యనుమతి కావలయును. ప్రకటన దేవాలయపు వాకిటనే గాక సంత జరుగు చోటను అంటింపవలయును. లేనియెడల మనవారే వత్తురు. కాలము నలువది నిమిషములకు మించరాదు. హిందూస్తానీ సంప్రదాయమున సారంగ రాగములు మధ్యాహ్నమునకు చెందినవందురు. మన కర్ణాటక పద్ధతిలో అంత నిర్బంధము లేదు గనుక విద్వాంసుని యిష్టమునకు విడువవచ్చును. చిన్నతరగతుల పిల్లలు మొదటి పదినిమిషములు కదలుదురు, దగ్గుదురు, వారిని కసరరాదు. పదునొకండవ నిమిషమున ఏమి జరుగునో చూడవలయును.

కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతముల వేసవి యెండ యెట్టిదో యెల్లరకు తెలియును. కాబట్టి వరికోతలైన పిమ్మట, డిసెంబరు మొదలు ఫిబ్రవరి లోపల మొదలుపెట్టుట మేలు. లండను సభలలో జనులు రొట్టెముక్కలు తినుచుండిరి. మన పిల్లలు క్యారియరు గిన్నెలు బయట వేపచెట్టు క్రిందనే ముగించి, చేతులు కడుగుకొని లోనికి రావలయును. స్టీలు గిన్నె మూత రాతినేలపై పడినచో ఆ మార్మ్రోత ఎంతసేపుండునో పైన చెప్పితిమి.